అతిథిధర్మమును, అవరుద్ధమైన ఉత్తరమును

దూరదేశమున హోటలు గదియందు బస చేసిన ప్రయాణికునకు ఇంటినుండి వచ్చు ఈమెయిలులన్నియు యథాప్రకారము చేరుచుండగా, తాను వ్రాసిన ప్రత్యుత్తరము మాత్రము అవుట్‌బాక్సులోనే నిలిచిపోవుట అనేకులకు అనుభవమే. అతిథిని దైవముగా భావింపుమని తైత్తిరీయోపనిషత్తు శాసించుచుండగా, ఆతిథ్యమే వృత్తిగా గల గృహమున అతిథి మాటకు ద్వారము మూయుట ధర్మమగునా?

1982లో జాన్ పోస్టెల్ ప్రకటించిన, ఈమెయిలులను పంపు ఎస్‌ఎంటీపీ విధానము, పంపువాడెవ్వడో నిరూపింపుమని కోరకయే ఉత్తరమును స్వీకరించునట్టిది. పరస్పరవిశ్వాసమే దానికి పునాది. ఆ విశ్వాసమును స్పామ్ పంపువారు దుర్వినియోగము చేయగా, అపరిచితులు వచ్చిపోవు హోటళ్ల నెట్‌వర్కులు పెక్కు ఆ విధానమున ఉత్తరములు పోవు 25వ పోర్టును మూసివైచినవి. ఒకని దోషమునకు వేరొకడు నిరోధింపబడుట న్యాయమని నా మనస్సు అంగీకరింపదు. అయినను, సజ్జనదుర్జనులను ముఖము చూచి గుర్తింపజాలని యంత్రమునుండి అంతకన్న సూక్ష్మమైన వివేకమును ఆశింపలేము.

పూర్వము సర్వీసు ప్రొవైడరు సర్వరు, తన నెట్‌వర్కునందున్నవాడనెడి కారణముననే ఉత్తరమును గ్రహించెడిది. నేడు ఎచ్చటనున్నను తానెవ్వడో నిరూపించుకొనినవానికే ఉత్తరము పంపు అధికారము. స్థానబలముకన్న స్వరూపనిరూపణమునకు ప్రాధాన్యమిచ్చు ఈ మార్పు, వేదాంతవిచారణమునందు అభిరుచి గల నాకు మిక్కిలి సమంజసముగ తోచినది.

కావున బాటసారి మొదట హోటలు లాగిన్ పేజీని దాటి, అవుట్‌గోయింగ్ సర్వరునకు 587 గాని 465 గాని పోర్టునిచ్చి, ఎన్‌క్రిప్షనుతోపాటు యూజర్‌నేమ్, పాస్‌వర్డుల ధ్రువీకరణమును నెలకొల్పవలెను. అవియు మూసియున్నచో వెబ్‌మెయిలు కలదు. అది సాధారణ వెబ్‌పేజీలు వచ్చు 443వ పోర్టుననే పోవును గనుక, దానికి ఆటంకము కలుగుట అరుదు.