దుప్పి మాంసంలో ఎనిమిది వాటాలు

మిథిలా నగరంలో ధర్మవ్యాధుడి అంగడి జనంతో కిటకిటలాడుతోంది. అతడు అమ్మేది జింక మాంసం, దున్న మాంసం. కోపంతో చూసి కొంగను కాల్చేసి, ఆ గర్వంతోనే ఒక ఇల్లాలి గుమ్మంలో భంగపడ్డ కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి చివరికి ఆ అంగడికే వచ్చాడు. గుంపును చూసి దూరంగా నిలబడ్డాడు. మహాభారతం అరణ్యపర్వంలోని ఈ కథను తెలుగు చేసినవాడు ఎర్రన. ధర్మసూక్ష్మాలన్నీ విప్పి చెప్పిన ఆ వ్యాధుడు తన గురించి చెప్పుకున్న ఒక మాటను చాలామంది పట్టించుకోరు. తాను జంతువులను చంపడు, ఇతరులు చంపినవాటిని అమ్ముతాడంతే. తాను మాంసం తినడు కూడా.

అంతటి జ్ఞానికీ చంపిన చెయ్యి తనది కాదని చెప్పుకోవలసి వచ్చింది. వినేవాడి మనసులో ఏ లెక్క ఉందో అతడికి తెలుసు: కత్తి ఎవరు పడితే పాపం వాళ్లది. ఈ లెక్కతోనే ఊళ్లలో కటికవాళ్ల మొద్దు ఒక పక్కకు, తినేవాళ్ల విస్తరి ఇంకో పక్కకు జరిగాయి. కోసినవాడిని కులంలో కిందికి నెట్టారు. తిన్నవాడు ఉన్నచోటే ఉన్నాడు.

మనుస్మృతి అయిదో అధ్యాయం ఈ లెక్కను ఒప్పుకోదు. కులాల నిచ్చెనను అంత గట్టిగా నిలబెట్టిన గ్రంథమే, మాంసం దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది మందినీ హంతకులే అంది. సరేనని అనుమతి ఇచ్చినవాడు, ముక్కలు కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు. చంపినవాడి పేరు మూడోది. మొదటి పేరు కత్తి ముట్టనివాడిది. అదే మనువు మూడో అధ్యాయంలో, శ్రాద్ధంలో జింక మాంసం పెడితే పితృదేవతలు మూడు నెలల పాటు తృప్తిగా ఉంటారని కూడా అన్నాడు. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవక తప్పదు.

పాపం ఎవరిదన్న ఈ ప్రశ్నకు హైదరాబాద్ ఐటీ ప్రాంతమైన సైబరాబాద్‌లో పదును ఎక్కువ. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత పెరిగిన ఈ నగరంలో మాంసం ఫోన్‌లో ఆర్డర్ పెడితే వస్తుంది. తోలు, పేగులు, నెత్తురు కంట పడవు. కడిగి, కోసి, ప్యాక్ చేసిన ముక్కలే గుమ్మం దాకా వస్తాయి. వాటికి ఎదురుగా, ఆషాఢంలో మైసమ్మకు బోనం ఎత్తి, యాటను కోసి, బంధువులను పిలిచి పెట్టుకునే పాత ఊళ్ల ఇళ్లు ఆ టవర్ల నీడలోనే ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికి ఆ ఇంటి ముందు నెత్తురు చూస్తే ఇబ్బంది. తన ఫ్రిజ్‌లో ఉన్న మాంసానికీ నెత్తురు ఉండేదన్న సంగతి గుర్తుకురాదు.

ఈ మరుపును పోగొట్టుకోవాలని ఐటీ ప్రపంచంలోనే ఒకరు గట్టిగా అనుకున్నారు. 2011లో ఫేస్‌బుక్ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్, ఆ ఏడాది తన చేత్తో చంపిన జంతువు మాంసం తప్ప మరేదీ తిననని ప్రకటించాడు. కోడి, మేక, పంది దాకా వెళ్లాడు. అంతకు ముందు ఏడాదే ఆ సంస్థ హైదరాబాద్‌లో కార్యాలయం తెరిచింది. అమెరికాలో ఆ ఆలోచన కొత్తది కాదు. లైసెన్సు తీసుకుని వేటాడిన జింకను గ్యారేజీలో వేలాడదీసి, తోలు ఒలిచి, తొడలు, భుజాలు, వెన్ను విడదీసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం అక్కడ లక్షల ఇళ్లలో మామూలు. అయితే ఆ మాంసాన్ని అంగట్లో అమ్మడానికి వీల్లేదు. వేటగాడు తినాలి, లేదా ఊరికే పంచిపెట్టాలి.

తినేవాడే చంపాలన్న ఆ వాదనలో నిజాయితీ ఉంది. తినేవాడే చంపి, తనే కోస్తే, మనువు విడివిడిగా లెక్కపెట్టినవాళ్లంతా ఒక్క మనిషిలోనే కలిసిపోతారు. తప్పించుకోవడానికి పక్కవాడు ఉండడు. తెలుగు నేల మీద దీనికి పవిత్రమైన సాక్ష్యమూ ఉంది. శ్రీకాళహస్తిలో బోయ తిన్నడు తాను వేటాడి, కాల్చి, రుచి చూసిన మాంసాన్ని శివుడికి పెట్టాడు. పూజారి చూసి హతాశుడయ్యాడు, దేవుడు మాత్రం స్వీకరించాడు. ధూర్జటి కావ్యంలోకెక్కిన ఆ బోయవాడు కన్నప్పగా ఎంత పూజ్యుడంటే, ఈనాటికీ అక్కడి బ్రహ్మోత్సవాలు కన్నప్ప కొండ మీద ధ్వజారోహణంతోనే మొదలవుతాయి.

కానీ అదే నిజాయితీని సైబరాబాద్‌లోని గచ్చిబౌలి చుట్టుపక్కల దుప్పికి వర్తింపజేస్తే తర్కం నిలబడదు. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం మాత్రమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. 39వ సెక్షన్ ఇంకా దూరం వెళ్లింది. వేటాడిన అడవి జంతువే కాదు, చచ్చి దొరికినదీ, పొరపాటున చంపినదీ ప్రభుత్వ ఆస్తే. చేతికి చిక్కితే 48 గంటల్లోగా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో, అధికారికో తెలియజేసి అప్పగించాలి.

ఇక్కడ ఒక పెద్దమనిషి తరహా వాదన వినిపిస్తుంది. రోడ్డు మీద కారు గుద్ది దుప్పి చచ్చింది. ఎవరూ దాన్ని చంపాలనుకోలేదు. పూడ్చిపెట్టి పాడుచేసే బదులు ఇంటికి తెచ్చి కోసుకుంటే తప్పేమిటి?

ఈ చిక్కును రెండున్నర వేల ఏళ్ల కిందటే బుద్ధుడు విప్పాడు. వైద్యుడు జీవకుడు అడిగితే, తన కోసం చంపారని చూడనిది, విననిది, అనుమానించనిది అయితేనే భిక్షువు ఆ మాంసం తినవచ్చన్నాడు. మొదటి రెండూ సులువు. మూడోదే అసలైన గీత. చచ్చి దొరికిన జింకను కోసుకోవచ్చని ఊరంతటికీ తెలిస్తే, దారుల్లో జింకలు చచ్చి దొరకడం మొదలవుతుంది. పొలం కంచెకు రాత్రిపూట కరెంటు తీగ, పొదల్లో ఉచ్చు, తెల్లారితే అమాయకంగా ‘దొరికిన’ మాంసం. ఉచ్చు ఎవరు పెట్టారో తినేవాడు చూడలేదు, వినలేదు. అనుమానించలేదని మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేడు. 39వ సెక్షన్ రాసినవాళ్లు జీవక సుత్తం చదివారో లేదో గాని, ఆ మూడో షరతునే చట్టంగా రాశారు.

పాతబస్తీ నుంచి టోలీచౌకి దాకా బక్రీద్ నాడు ఇళ్ల ముందు ఖుర్బానీ జరుగుతుంది. అక్కడ మరో నియమం ఉంది. జింక మాంసం హలాలే, అయినా జింకను ఖుర్బానీ ఇవ్వడానికి వీల్లేదు. ఒంటె, ఆవు జాతి, గొర్రె, మేక, అంటే మనిషి సాకినవే పనికొస్తాయి. హజ్‌కు ఇహ్రామ్ దీక్ష పట్టినవాడికి నేల మీద వేట పూర్తిగా నిషిద్ధం. తాను పెంచినదో, తన డబ్బుతో కొన్నదో ఇచ్చినప్పుడే అది త్యాగం. అడవిదాన్ని ఇవ్వడానికి అది ఇచ్చేవాడిది అయితే కదా! ఇంట్లో కోసే మాంసం గురించి ఇంతకంటే సూటి ధర్మం దొరకడం కష్టం.

మరి అడవే ఇల్లయినవాళ్ల మాటేమిటి? మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన ‘ది చెంచూస్’ పుస్తకంలో నల్లమల చెంచుల వేట కనిపిస్తుంది. విల్లంబులతో కొట్టిన జంతువును పెంటలో, అంటే తమ గూడెంలో పంచుకుంటారు, గారెల మైసమ్మకు వాటా పెడతారు. ఆ తల్లి ఇచ్చిందనే భావనతో తింటారు. వాళ్లకు కూడా 2006 అటవీ హక్కుల చట్టం తేనె, గడ్డలు, బంక సేకరించుకునే హక్కు ఇచ్చింది గాని, వేటను పేరుపెట్టి మినహాయించింది. అడవి తగ్గిపోయిన కాలంలో ఆ మినహాయింపు అవసరమే కావచ్చు. కానీ తరతరాల ఆకలిని, ఆచారాన్ని వదులుకోమని చెంచును అడిగిన దేశం, మిగతావాళ్లను ఏం వదులుకోమని అడిగింది?

2025 మార్చి 30న నేల చదును చేయడానికి కంచ గచ్చిబౌలికి బుల్‌డోజర్లు వచ్చాయి. 1974లో ఏర్పడ్డ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు అవి. చుక్కల దుప్పులు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు తిరిగే పొదలు, బండలు, కుంటలు. అది అడవి కాదు, కోర్టుల్లో గెలుచుకున్న తమ భూమి అని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ వారంలోనే క్యాంపస్‌లో ఒక దుప్పిని కుక్కలు కరిచి చంపాయని, మరొకటి గోపన్‌పల్లి వైపు ఇళ్లలోకి వచ్చిందని వార్తలు వచ్చాయి.

తెలంగాణ రాష్ట్ర జంతువు జింక. 39వ సెక్షన్ ప్రకారం చచ్చిన దుప్పి ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వం మాట ప్రకారం ఆ నేల కూడా ప్రభుత్వ ఆస్తే. ఆ దుప్పిని ఎవరైనా ఇంటికి మోసుకెళ్లి కోసుకుని ఉంటే కేసు, జైలు తప్పవు, అది సబబే. దుప్పి దాక్కునే పొద రాత్రికి రాత్రి మాయమైనందుకు మాత్రం ఏ కత్తి మీదా రక్తం మరక ఉండదు.

ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పిన మరో సంగతి ఇక్కడ పనికొస్తుంది. నాగలి నేలను చీల్చినప్పుడు లోపల ఎన్ని ప్రాణులు చస్తాయో చూడమన్నాడు. నడిచే కాలి కింద కూడా చస్తాయన్నాడు. హింస అంగట్లోనే ఉందనుకుని దూరంగా నిలబడ్డవాడికి అది గట్టి సమాధానం. నాగలికి బువ్వ అనే సమర్థన ఉంది. ఇక్కడ తవ్వినది బువ్వ కోసం కాదు, ఐటీ పార్కుల కోసం. ఫైలు మీద సంతకం పెట్టిన అధికారి, వేలంలో ఎకరం కొనాలనుకున్న సంస్థ, అడవి పక్కన ఇల్లని ప్రకటన చూసి ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడ్డ ఉద్యోగి ఎవరూ దుప్పిని చంపాలనుకోలేదు. మనువు జాబితాలో మొదటివాడూ అంతే, అతడు చేసినదల్లా సరేననడమే.

ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు మళ్లీ విచారణ జరిపి, చెట్లు కొట్టేసిన వంద ఎకరాలను తిరిగి అడవిగా ఎలా నిలబెడతారో ప్రణాళిక ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగింది. ఆశ్రయం పోయిన జంతువులను కాపాడే చర్యలు వెంటనే మొదలుపెట్టమని రాష్ట్ర వన్యప్రాణి వార్డెన్‌ను ఆదేశించింది. కత్తి పట్టినవాడిని వెతకకుండా, అనుమతి ఇచ్చినవాడినే జవాబు చెప్పమని ఒక న్యాయస్థానం అడగడం ఇక్కడ జరిగింది.