ఏమోల్లు బిడ్డా?

ఉట్నూరు అడివిల గోండుగూడెంకు సేవాశిబిరమని పోయిన. రాళ్లేరినం, బాట పోసినం. మూడోనాడు ఓ ముసలవ్వ జొన్నరొట్టె చేతిల పెట్టి, వచ్చీరాని తెలుగుల "ఏమోల్లు బిడ్డా?" అన్నది. మాదిగోన్నని నోరు రాలే. "కరీంనగరోన్ని అవ్వా" అన్న. ఊర్ల దొర గడప ముందట చెప్పులు చేతవట్టినోన్ని, ఈడ సారునైన. ఆ సారుతనం పోతదని భయపడ్డ.

1940లలో వియన్నాకు చెందిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో కాపురమున్నడు. 1987లో చనిపోయిన భార్య బెట్టి సమాధీ అక్కడే. (ఆయనకు నైజాం సర్కారు అండ ఉండె, అది వేరే మాట.) సముద్రం దాటొచ్చినోల్లకు దొరికిన చోటు నాకెందుకు లేదని వాదించొచ్చు. కానీ నన్నెవరు ఎల్లగొట్టిన్రు? చెబితే అవ్వ రొట్టె గుంజుకునేదో, ఇంకోటి పెట్టేదో. ఆ ఎంపిక ఆమెకు నేనే ఇయ్యలే.

రొట్టె మాత్రం తిన్న.