మెల్లగా నడుచువారి వరుస

నీవెన్నడైనను విమానమెక్కితివా? మన కొత్తగూడెములో విమానాశ్రయము లేదు. అయినను గనిలో పనిచేసి విశ్రాంతి పొందిన తలిదండ్రులు, దూరదేశములోనున్న బిడ్డలను చూచుటకై సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి శంషాబాదు చేరుట ఇప్పుడు మన సంఘములలో వింత కాదు.

విమానాశ్రయములో తనిఖీ వరుస యొకటి యుండును. ఫోను, బెల్టు, చిల్లర, చేతిసంచి అన్నియు ట్రేలో పెట్టవలెను. తరువాత చేతులు చాచి నిలువవలెను. అలవాటైనవానికిది రెండు నిమిషముల పని. మొదటిసారి వచ్చిన వృద్ధురాలికి అడుగడుగునను సందేహమే.

శంషాబాదు విమానాశ్రయము తెరువబడిన 2008వ సంవత్సరమందే, అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ విమానాశ్రయమున దీనికొక ఉపాయము చేసిరి. మంచుకొండలపై జారి ఆడుకొను చోట్ల, ఏ దారి ఎంత కష్టమో తెలుపు గుర్తులుండును. వాటినే తెచ్చి మూడు వరుసలకు పెట్టిరి. పచ్చని వృత్తము పిల్లలుగల కుటుంబములకును, సహాయము కావలసినవారికిని. నీలి చతురస్రము అప్పుడప్పుడు ప్రయాణించువారికి. నల్లని వజ్రపు గుర్తు ఆరితేరినవారికి. ఏ వరుసలో నిలువవలెనో ప్రయాణికుడు తానే యెన్నుకొనవలెను.

మనుష్యులను ఈలాగు వేరుచేయుట న్యాయమా? ముందు నా సంగతి చెప్పెదను. మొదటిసారి విమానమెక్కిన దినమున నేను బెల్టు తీయుట మరచి వెనుకకు మరలవలసి వచ్చెను. నా వెనుకనున్న యువకుడు విసుగుతో నిట్టూర్చెను. ఆ నిట్టూర్పు ఆ దినమంతయు నన్ను బాధించెను. నా నాలుగవ ప్రయాణమున, నా ముందు ఒక ముసలమ్మ కొంగున ముడివేసిన చిల్లర విప్పలేక నిలిచిపోయెను. అప్పుడు నిట్టూర్చినవాడను నేనే. మూడు ప్రయాణములు నన్నంత నేర్పరిని చేసినవి! ఆమె తిరిగి చూచి, "మీరు ముందు పోండి అయ్యా, నాకు ఆలస్యమైతది" అనెను. ఆమె ముఖము నేనింకను మరువలేదు.

ఆ పచ్చని గుర్తుగల వరుస అక్కడ ఉండినయెడల నాకు మూడు నిమిషములు మిగిలియుండును. అది గొప్ప మేలు కాదు. ఆమె తన ముడిని నెమ్మదిగా విప్పుకొనియుండును, మేలు అదియే. ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు నాలుగు వందలమందిని వెంటబెట్టుకొని వచ్చి, కలిసి పోవుదమని యాకోబును పిలిచెను. పిల్లలు పసివారనియు, పాలిచ్చు పశువులను వడిగా తోలితే చచ్చుననియు చెప్పి, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదనని యాకోబు వెనుక నిలిచెను. అన్నయందలి భయము కూడ ఆ మాటలో కొంత యుండెనేమో, అది వేరు సంగతి. బలహీనుని నడకనుబట్టి ప్రయాణము సాగించుట అందు కనబడుచున్నది.

అయితే తాను మెల్లనివాడనని ఒప్పుకొనువారెందరు? వజ్రపు గుర్తు చూచినంతనే, నావంటి నాలుగు ప్రయాణములవాడు కూడ అటే నడుచును. 2011లో అమెరికాలో మరియొక పద్ధతి మొదలాయెను. ముందుగా తమ వివరములిచ్చి విచారణకు లోబడినవారికి వేరు వరుస, తేలికైన తనిఖీ. తరువాత రుసుము చెల్లించి సామాన్యులును అందులో చేరిరి. నీకెంత తెలియునను ప్రశ్న పోయి, నిన్ను మేమెంత యెరుగుదుమను ప్రశ్న వచ్చెను. భద్రతకు అది తగినదే కావచ్చును. కొంగుముడి ముసలమ్మకు మాత్రము దానివలన ఒరిగినది లేదు.

మన గనుల వాడుక చూడుము. భూగర్భమునకు దిగకముందు బీడీగాని అగ్గిపెట్టెగాని ఉన్నదేమోనని వెదకుదురు. ముప్పది యేండ్లు పనిచేసినవానికిని, నిన్న చేరినవానికిని ఆ వెదకుట ఒక్కటే. పాతవాడు దానికి చిన్నబుచ్చుకొనడు. గనిలోని మండు వాయువునకు ఒక్క అగ్గిపుల్ల చాలునని అతనికే బాగుగా తెలియును. పైగా అలవాటు ముదిరినవాడే జేబులోని బీడీని మరచును. కొత్తవానికి మాత్రము ముందు శిక్షణ యిచ్చి, పని తెలిసినవాని వెంట లోనికి పంపుదురు. విమానాశ్రయములవారు మన గని వాకిట ఒక పూట నిలిచి చూచిన బాగుండును.

మొన్న మరల ప్రయాణమై వెళ్లినప్పుడు రెండు వరుసలు కనబడెను. ఒకటి వడిగా కదలుచుండెను. నేను రెండవదానిలో నిలిచితిని. నా ముందున్న తాతకు ట్రే ఎక్కడ తీసికొనవలెనో తెలియలేదు. నేను చూపితిని. అతడు నా నడుమువైపు చూపి నవ్వెను. బెల్టు తీయుట నేను మరల మరచియుంటిని.