నిరంతరత ఎక్కడ ఉంది?

ఒక ప్రయత్నం ఎడతెగకుండా నలభై నిమిషాలు సాగడమూ, నడుమ విరామాలతో పదేసి నిమిషాల చొప్పున నాలుగుసార్లు సాగడమూ ఒకటేనా అన్న ప్రశ్న నేడు గదిలో సైకిల్ సాధన చేసేవారిని ఎంతగా పట్టి ఉంచుతున్నదో, ధ్యానశాస్త్రాలు రచించిన భారతీయ దార్శనికులను కూడా ఒకనాడు అంతగానే పట్టి ఉంచింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల రోడ్లు ఎత్తుపల్లాలతో సాగుతాయి గనుక పల్లం వచ్చిన ప్రతిచోటా తొక్కకుండానే సైకిల్ ముందుకు పోయి, కాళ్లకు అడగని విశ్రాంతి దొరుకుతుంది. ఇంట్లో ట్రైనర్ అనే యంత్రానికి బిగించిన సైకిల్‌కు పల్లమూ లేదు, ఎదురొచ్చే లారీ లేదు, నలభై డిగ్రీలు దాటే వేసవి ఎండ లేదు. విశ్రాంతి కావాలంటే సాధకుడే దానిని ముందుగా నిర్ణయించుకోవాలి. ఇక్కడ కొలమానం ఎఫ్‌టీపీ, అంటే ఒక వ్యక్తి దాదాపు గంటసేపు నిలుపుకోగలిగిన గరిష్ఠ శక్తి. దీనిని వాట్లలో లెక్కిస్తారు. ఆ హద్దుకు కాస్త దిగువన పది నిమిషాల చొప్పున మూడు నాలుగు విడతలు తొక్కి, విడతకూ విడతకూ మధ్య కొన్ని నిమిషాలు తేలికగా తిప్పి, వారాలు గడిచేకొద్దీ శక్తిని పెంచకుండా విడతను మాత్రమే పదిహేను, ఇరవై, ముప్పై నిమిషాలకు సాగదీయడం వాడుకలో ఉన్న పద్ధతి. అయితే పదేసి నిమిషాలు నాలుగుసార్లు తొక్కగలిగినవాడు మరునాడే నలభై నిమిషాలు ఏకధాటిగా తొక్కలేకపోవచ్చు, ఎందుకంటే విరామంలో తీరే అలసట ఏకధాటి ప్రయత్నంలో తీరకుండా పేరుకుంటూ పోతుంది.

ఈ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పినవారు జైనులు. జడ్చర్ల సమీపంలోని ఆల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి, ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన కొలనుపాకలోని ఆదినాథుని ఆలయం, ఆ మతం ఈ మెట్టభూముల్లో వేళ్లూనుకున్నదనడానికి సాక్ష్యాలు. ఉమాస్వాతి రచించిన తత్త్వార్థసూత్రం ధ్యానాన్ని నిర్వచిస్తూ రెండు షరతులు పెడుతుంది. మొదటిది దేహానికి సంబంధించినది: ఉత్తమ సంహననం, అంటే ఎముకల కూర్పులో దృఢత్వం, ఉన్నవానికే అది సాధ్యం. రెండవది కాలానికి సంబంధించినది: చిత్తం ఒకే విషయంపై నిలవగలిగేది అంతర్ముహూర్తమే, ముహూర్తమంటే రెండు ఘడియలు, నలభై ఎనిమిది నిమిషాలు, అంతర్ముహూర్తమంటే దానికి లోపలి కాలం. మోక్షాన్ని బోధించే గ్రంథం ఏకాగ్రతకు ఎముకల బలాన్ని షరతుగా పెట్టడం విశేషం. గంటకు అటూఇటూగా ఉండే ఎఫ్‌టీపీ కాలమూ ఈ హద్దూ దగ్గరగా కనిపించడం యాదృచ్ఛికమే. దానిని పట్టుకొని పూర్వులకు అన్నీ ముందే తెలుసునని వాదించడం పాండిత్యం అనిపించుకోదు.

జినభద్రుని పేర ప్రసిద్ధమైన ధ్యానశతకం మరో అడుగు ముందుకు వేసి, హద్దు దాటిన తరువాత చిత్తం చింతనలోకో మరొక ధ్యానంలోకో మళ్లుతుందనీ, అలా విషయం మారుతూ సాగే ధ్యానపరంపర, అంటే ధ్యానసంతానం, చాలాకాలం నిలవవచ్చుననీ చెబుతుంది. విరామాన్ని సాధనకు లోపంగా చూడకుండా సాధన నిర్మాణంలోనే ఒక భాగంగా గుర్తించిన ఆలోచన ఇది.

దీనికి భిన్నంగా కూర్మపురాణం ధ్యానాన్ని గుణకారంతో లెక్కిస్తుంది: పన్నెండు ప్రాణాయామాలు ఒక ధారణ, పన్నెండు ధారణలు ఒక ధ్యానం, పన్నెండు ధ్యానాలు ఒక సమాధి. అంటే సమాధికి పదిహేడు వందల ఇరవై ఎనిమిది ప్రాణాయామాల కాలం పడుతుందన్నమాట. చిన్న కొలతలను కూడుకుంటూ పోతే పెద్ద స్థితి దానంతట అదే వస్తుందన్న ఈ ధోరణి ఆకర్షణీయమే గాని, కాలం పెరగడమే ఒక కొత్త భారమన్న సంగతిని ఇది పట్టించుకోదు.

పతంజలి దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం, అంటే ఆదరం, ఈ మూడింటితో సేవించిన అభ్యాసమే దృఢపడుతుందని చెప్పినప్పుడు, ఆ నైరంతర్యాన్ని ఒక్క ఆసనంపై కదలకుండా గడిపే గంటలుగా అర్థం చేసుకునేవారు లేకపోలేదు. ఆ సూత్రం చెబుతున్నది అభ్యాసం గురించి. ఒక్కసారి కూర్చోవడం గురించి కాదు. చిత్తం ఒక ప్రవాహంగా సాగే ధ్యానస్థితిని పతంజలి మూడవ పాదంలో వేరుగా నిర్వచించాడు. విడతలోని అవిచ్ఛిన్నత ఒకటి, నెలల తరబడి సాగే అభ్యాసపు అవిచ్ఛిన్నత మరొకటి. మొదటిదానికి దేహం హద్దు విధిస్తుంది, రెండవదానికి ఆదరమే ఆధారం. ఒకనాడు పంతానికి నలభై నిమిషాలు తొక్కి ఆపై నెలరోజులు ట్రైనర్ వైపు చూడనివాని అభ్యాసం తెగినట్టే. ఇరవై నిమిషాలకే ఆగి, ఊపిరి తీసుకొని, రెండో విడతకు సిద్ధపడినవాని అభ్యాసం తెగలేదు.

జైన గృహస్థులు పాటించే సామాయికం, అంటే నియత కాలంపాటు సమభావంలో ఉండే వ్రతం, ఈ భేదాన్ని ఆచారంలోనే నిలుపుకున్నది. దాని పరిమితి నలభై ఎనిమిది నిమిషాలు. అంతకన్నా ఎక్కువసేపు కూర్చోదలచినవారు మరొక సామాయికానికి మళ్లీ సంకల్పం చెప్పుకుంటారు.