చేతికి అందిన అధికారం



మీరు ఎంతోకాలంగా మంచిదని నమ్మిన ఒక మార్పును తెచ్చే అవకాశం ఒకనాడు మీ చేతికి వచ్చిందనుకోండి. కాని ఆ అధికారాన్ని మీకు అప్పగించింది వేరొక పని నిమిత్తం. అప్పుడు మీరేం చేస్తారు?

అమెరికాలో జోసెఫ్ ఈస్ట్‌మన్ జీవితం ఈ ప్రశ్నను మన ముందు పెడుతుంది. 1882లో పుట్టి, కొంతకాలం న్యాయశాస్త్రం చదివిన ఈయన 1919లో అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ సభ్యులయ్యారు. రైలు కంపెనీలు పెద్ద వ్యాపారులకు చాటుగా రాయితీలిచ్చి, చిన్నవారి వద్ద ఎక్కువ కిరాయి గుంజకుండా చూసేందుకు 1887లో ఏర్పడిన సంస్థ అది. 1944లో కన్నుమూసే వరకు, పాతికేళ్లు ఆయన అందులో పనిచేశారు.

రైల్వేలు ప్రజల ఆస్తిగా ఉండటమే మేలన్నది ఆయన అభిప్రాయం. దానిని దాచుకోలేదు. అయినా దేశ ఆర్థిక స్థితి చూసి, వెంటనే అలా చేయమని సిఫారసు చేయలేనని 1934 నివేదికలో రాశారు.

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయనను యుద్ధకాల రవాణా కార్యాలయానికి అధిపతిని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1917లో, ప్రభుత్వం రైల్వేలను స్వాధీనం చేసుకున్న ఉదాహరణ ఉండనే ఉంది. అయినా ఈస్ట్‌మన్ దానికి పట్టుబట్టలేదు. కంపెనీలు సైనికులను, సరుకులను సక్రమంగా చేరవేస్తున్నప్పుడు స్వాధీనం అక్కరలేదన్నారు. సమ్మె భయంతో 1943 డిసెంబరు చివర సైన్యం మూడు వారాలపాటు రైల్వేలను చేతిలోకి తీసుకున్నా, తరువాత తిరిగి అప్పగించింది.

నమ్మినదాన్ని చేయకపోవడం పిరికితనం కాదా అని మీరు అడగవచ్చు. నోరు విప్పి చెప్పవలసిన చోట మౌనం వహిస్తే అది పిరికితనమే. ఆయన చెప్పారు. కాని ఒక పనికోసం అప్పగించిన అధికారంతో మరొక వాదాన్ని గెలిపించుకుంటే, ఆ వాదం ఎంత మంచిదైనా, అప్పగించినవారి నమ్మకాన్ని వమ్ము చేసినట్లే. మంచి ఉద్దేశం ఆ తప్పును కడిగివేయదు.

ఇది పెద్ద పదవులకే చెందిన మాట కాదు. అన్నదమ్ముల ఆస్తి పంపకానికి పెద్దమనిషిగా కూర్చున్నవాడు తన పాత పంతాన్ని నెగ్గించుకోవచ్చు. సంఘం డబ్బు చేతిలో ఉన్నవాడు తనకు నచ్చిన మంచి పనికి దానిని మళ్లించవచ్చు. అడిగేవారు ఉండకపోవచ్చు.

మీ చేతిలో ఉన్న అధికారం ఎవరిచ్చారు? ఏ పనికోసం ఇచ్చారు? ఈ వారం ఒక్కసారి ఆలోచించండి.