గాదె గోడమీది లెక్క

లోకములో ఏ గుర్తును చెరిగిపోదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు గనుక పునరుత్థానము రుజువైనదని ఒక బోధకుడు పలికినయెడల, నీవు ఆమేన్ అనవచ్చునా? తొందరపడకుము. ఆ మాట ఎక్కడనుండి వచ్చెనో మొదట వినుము.

కాంతిని సహితము బయటికి విడువని కృష్ణబిలములు ఆకాశమందు కలవు. వాటిలో పడినదాని గుర్తులన్నియు నశించునని హాకింగ్ అను ఇంగ్లండు పండితుడు 1976లో వాదించెను. 1993లో హాలెండు శాస్త్రజ్ఞుడు గెరార్డ్ ట్‌హోఫ్ట్ మరియొక తలంపు తెచ్చెను. గాదెలోని ధాన్యము లెక్కను గాదె గోడమీద బొగ్గుతో గీసినట్లు, లోపలి సంగతులన్నియు పైపొరమీదనే వ్రాయబడి యుండునట! 1997లో మాల్డసీనా దీనికి బలమైన గణితము చూపెను. 2004లో హాకింగ్ తన వాదమును విడిచెను.

అయితే మాల్డసీనా లెక్క అంచుగల ఒక ఊహాలోకమునకు చెందినది. మన విశ్వము అట్టిది కాదు. అది విస్తరించుచున్నది, ఆ విస్తరణము నానాటికి వేగమగుచున్నదని 1998లో కనుగొనిరి. మిక్కిలి దూరపు నక్షత్రసమూహములనుండి నేడు బయలుదేరు కాంతి మనలను ఎన్నటికిని చేరదు. చేనిగట్టుమీద నడచువానితోకూడ దిగంతము నడచునట్లు, చూచువాని కొక హద్దేగాని అందరికిని ఒక్క గోడ లేదు. గోడ లేని గాదెకు లెక్క ఎక్కడ వ్రాయవలెను? పండితులు నేటికిని దీనితో పెనుగులాడుచున్నారు.

కుమారుని సమాధిచేసి వచ్చిన తల్లికి ఈ తేలని లెక్కను ఆదరణగా ఇత్తుమా? అది మారినయెడల ఆమె ఏమి పట్టుకొనును? అది నిజమే అనుకొందము. కాలిన ఉత్తరములోని మాటలు బూడిదలోను పొగలోను ఏదో రీతిగా మిగిలియుండునని చెప్పుటయే దాని భావము. గుర్తు మిగులుట వేరు, బిడ్డ లేచుట వేరు. ఆమె అడుగునది బిడ్డను.

విశ్వము విస్తరించుచున్నదని 1927లో వ్రాసిన బెల్జియము దేశస్థుడు లెమైత్ర రోమను కతోలిక గురువు. మన సంఘమువాడు కాడు గాని, ఈ విషయమందు అతనియొద్ద నేర్చుకొనవచ్చును. 1951లో పోపు 12వ పయస్ ఈ క్రొత్త శాస్త్రము సృష్టికర్తకు సాక్ష్యమిచ్చుచున్నదని ప్రసంగింపగా, లెమైత్రకు అది నచ్చలేదు. తన సిద్ధాంతమును మతవాదములోనికి ఈడ్వవద్దనెను. విశ్వారంభపు వేడిమి శేషము కనబడెనను వార్త 1966లో, అతని మరణమునకు కొంచెము ముందుగా, అతనికి చేరెను. అతడు 1923లోనే గురువుగా అభిషేకము పొందినవాడు. ఆ వార్త వచ్చువరకు ప్రార్థన ఆపుకొని కూర్చున్నవాడు కాడు.