నిజం ఒక్కటే చాలదు



మా పెద్దమ్మకు క్యాన్సర్ ముదిరిందని తేలిన రోజు డాక్టర్ రిపోర్టు మీంచి తలెత్తలేదు. "ఇంకేం చెయ్యలేం, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాడు. చెప్పింది నిజమే. అయినా చాన్నాళ్లు ఆయన్ని తిట్టుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, అది పొగరు కాదేమో, భయమేమో. రోజూ అదే మాట ఎంతమందికి చెప్పాలి!

కానీ మనసు మూసుకోవడం ఉపేక్ష కాదు. కరుణ, మైత్రి లేని ఉపేక్ష ఉత్త నిర్లక్ష్యమే.

మరి కరుణగా మాట్లాడటం పుట్టుకతోనే రావాలా? అక్కర్లేదు, సాధనతో వస్తుంది. 2000లో అమెరికా, కెనడా వైద్యులు 'స్పైక్స్' అనే ఆరు మెట్ల పద్ధతి ప్రకటించారు. రోగితో ఏకాంతంగా కూర్చోవాలి. ఏం తెలుసో, ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగాలి. ఆ తర్వాతే చెప్పాలి. ఏడిస్తే ఆగాలి. చివరగా ముందున్న దారి చూపాలి. 2002లో అచ్చయిన ఒక బ్రిటన్ పరిశోధనలో 160 మంది క్యాన్సర్ వైద్యులు పాల్గొన్నారు. మూడు రోజుల శిక్షణ పొందినవాళ్ల మాటతీరు మెరుగుపడింది.

బుద్ధుడు అభయ రాజకుమారుడికి చెప్పిందీ ఇదే కదా: మాట నిజమైనా, మేలు చేసేదైనా, సమయమెరిగి పలకాలి.

అయితే ఆ డాక్టర్ గోడు వినేదెవరు? తోటివాళ్లతో బాధ చెప్పుకునే చోటు ఆస్పత్రిలో ఉండాలి. కరుణలో ఆయనకూ వాటా ఉంది. మనమూ రోగిని చూడ్డానికి వెళ్తాం. సలహాలు ఆపి, ముందు విందాం.

జై భీమ్.